తివాచీ మీద ఊగే పాట

బాగేపల్లి, చింతామణి ఇళ్లల్లో మందపాటి తివాచీ మీద నిలువెత్తు స్పీకర్లు నిలబెట్టి, బాస్ మొద్దుబారిందని ఆంప్లిఫయర్‌ను తిట్టడం అన్యాయం. పెట్టెను వేలితో నెట్టి చూడండి, ఊగుతుంది. తివాచీని దాటి నేలను తాకేంత పొడుగు స్పైకులు బిగిస్తే సగం జబ్బు పోతుంది. తివాచీకి చిల్లులు పడతాయని బెంగా? క్వారీలున్న చిక్కబళ్లాపురం జిల్లాలో గ్రానైట్ ముక్కకేం కరువు! పెట్టె అడుగుకన్నా వెడల్పాటి బండ వేసి, మేస్త్రీ దగ్గరి రసమట్టంతో సరిచూడండి. ఖరీదైన కేబుళ్ల ముచ్చట తర్వాత. యోగి కైవారం తాతయ్య తత్వాల పాటలు పెట్టి, వాటిలో తంబూరా, తాళం విడివిడిగా వినబడేదాకా పెట్టెల్ని గోడకు ఎడంగా, కాస్త కాస్త జరుపుతూ పోవాలి. అడ్డొస్తే సోఫానే జరపండి.