జూలూరుపాడు అటవీ సరిహద్దులో పర్యావరణ షరతుల అమలు - పర్యవేక్షణపై ఒక పరిశీలన

జూలూరుపాడు (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా): ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన జూలూరుపాడు మండలం మీదుగా సీతారామ ఎత్తిపోతల పథకం కాలువ సాగుతున్నది. 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన ఈ పథకం పంపులు 2024 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. 2025లో ఏన్కూరు లింకు కాలువ ద్వారా గోదావరి జలాలు నాగార్జునసాగర్ ఆయకట్టు వైపు పారాయి. పథకం మొత్తం మీద మళ్లించిన అటవీ భూమి 1,500 హెక్టార్లకు పైబడినది. నీరు రావడంతో రైతుల నిరీక్షణ కొంత తీరింది. అయితే ఆ అటవీ భూమిని ఇచ్చినప్పుడు విధించిన షరతుల గడువు నీటి రాకతో ముగిసేది కాదు. వాటి అమలును ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా పరిశీలిస్తారన్నది అధికారులూ పాత్రికేయులూ తెలుసుకోవలసిన అంశం.

ఇటువంటి పథకానికి అనుమతి ఒక కార్యాలయం ఇచ్చేది కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతిని భారీ ప్రాజెక్టులకు కేంద్ర మంత్రిత్వ శాఖ ఇస్తుంది. అటవీ భూమి మళ్లింపునకు 1980 అటవీ సంరక్షణ చట్టం కింద రెండు దశల్లో ఆమోదం కావాలి. కాలువ పనులకు కంకర అందించే క్రషర్లు, కాంక్రీటు కలిపే ప్లాంట్లు 1974 జల చట్టం, 1981 వాయు చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపన సమ్మతి, నిర్వహణ సమ్మతి పొందాలి. మట్టి, గ్రావెల్ తవ్వకం గనుల శాఖ పరిధిలోనిది. ఒకే గట్టు మీద పని జరుగుతున్నా దాని షరతులు నాలుగు దస్త్రాలలో ఉంటాయి. న్యూజీలాండ్‌లో 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం కింద ప్రాంతీయ మండళ్లు తాము ఇచ్చిన సమ్మతుల అమలును తామే పరిశీలించి, తనిఖీ ఖర్చును సమ్మతి పొందినవారి నుంచే వసూలు చేసే పద్ధతి ఉన్నది. మన వద్ద నాలుగు దస్త్రాలూ ఒకచోట చేర్చి చూసే సందర్భం సాధారణంగా ఫిర్యాదు వచ్చినప్పుడో, ట్రిబ్యునల్ సంయుక్త కమిటీని నియమించినప్పుడో మాత్రమే కలుగుతున్నది.

ఇదే జిల్లాలో పర్యవేక్షణ గట్టిగా ఉన్న చోటు కూడా లేకపోలేదు. పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాలు, సారపాక కాగితం మిల్లు అత్యధిక కాలుష్య కారకాలుగా గుర్తించిన 17 పరిశ్రమల తరగతులలోకి వస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరి 5న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈ తరగతుల పరిశ్రమలు చిమ్నీల వద్ద, వ్యర్థజలాలు వెలువడే చోట నిరంతర కొలత పరికరాలు అమర్చి, ఆ అంకెలను నేరుగా మండళ్ల సర్వర్లకు పంపాలి. పరికరం సరిగా సరిచూసినదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. అయినా అంకె అంటూ ఒకటి వస్తున్నది. పరిమితి దాటితే హెచ్చరిక వెళ్తున్నది.

కాలువ గట్టుకు అటువంటి మీటరు లేదు. తవ్విన మట్టిని నిర్దేశించిన స్థలంలోనే పోశారా, వాగుల్లోకి జారకుండా అడ్డుకట్ట వేశారా, అటవీ హద్దు రాళ్లు నాటారా, కూలీల శిబిరాలకు వంటచెరకు బదులు గ్యాస్ ఇచ్చారా, ప్రత్యామ్నాయ అటవీకరణ కింద నాటిన మొక్కలలో మూడో ఏట బతికినవి ఎన్ని - ఇవన్నీ మనిషి నడిచి వెళ్లి చూడవలసినవి. అటవీ శాఖలో ఆ పని బీట్ అధికారిపై పడుతుంది. పోడు వివాదాలు, అగ్నిప్రమాదాలు, కలప రవాణా చూసుకునే అధికారే ఇదీ చూడాలి. గుత్తేదారు పని ముగించి యంత్రాలతో వెళ్లిపోయాక మట్టి గుట్ట అక్కడే ఉంటుంది; వానకు అది దిగువ పొలంలోకి చేరితే బాధ్యుణ్ణి వెతకడం కష్టం.

ఈ లోటును పూడ్చవలసినది స్వయం నివేదిక. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టు యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక సమర్పించాలని 2006 నోటిఫికేషన్ నిర్దేశించింది. ఈ నివేదికల సమర్పణలో లోపాలను, వాటిని పరిశీలించవలసిన ప్రాంతీయ కార్యాలయాల్లో సిబ్బంది కొరతను కాగ్ 2016 నాటి 39వ నివేదికలో ఎత్తిచూపింది. ఆచరణలో చాలా నివేదికలు ప్రతి షరతు ఎదుట ‘అమలు చేస్తున్నాము’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. ఏ కిలోమీటరు వద్ద ఎంత మట్టి పోశారో చెప్పని నివేదికను తనిఖీ చేయడం ఎవరి తరమూ కాదు.

అనుమతికి ముందే పనులు మొదలుపెట్టిన సందర్భాలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం వేగంగానే జరిగింది. మణుగూరులో భద్రాద్రి విద్యుత్ కేంద్రం పనులను 2015 డిసెంబరులో, దుమ్ముగూడెం వద్ద సీతమ్మ సాగర్ బ్యారేజీ పనులను 2023లో ట్రిబ్యునల్ నిలిపివేయించింది. అనుమతి పత్రం ఉన్నదా లేదా అన్నది ఒక్క రోజులో తేలే విషయం. అనుమతి వచ్చిన తరువాత ఏళ్ల తరబడి సాగవలసిన షరతుల సంగతి అలాంటిది కాదు.

ఉల్లంఘన రుజువైతే చెల్లించవలసిన పర్యావరణ పరిహారానికి కేంద్ర మండలి ఒక సూత్రం రూపొందించింది. కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, రూపాయి గుణకం, పరిశ్రమ పరిమాణం, స్థల గుణకం - ఈ ఐదింటినీ గుణిస్తారు. నారింజ వర్గానికి చెందిన చిన్న క్రషర్‌కు సూచిక 50, రూపాయి గుణకం 250, పరిమాణం 0.5, స్థల గుణకం 1 చొప్పున రోజుకు రూ.6,250 అవుతుంది. స్థల గుణకం సమీప పట్టణ జనాభాను బట్టి పెరుగుతుంది; కోటి దాటిన నగరం వద్ద అది 2. నోటిఫై చేసిన పర్యావరణ సున్నిత ప్రాంతాలకూ 2గా తీసుకోవచ్చు. కానీ అభయారణ్యం కాని సాధారణ రిజర్వు అడవి అంచున ఉన్న మండలానికి వర్తించేది కనిష్ఠ గుణకమే. అడవికి జరిగే నష్టాన్ని జనసంఖ్యతో కొలిచే ఈ పద్ధతి పునఃపరిశీలనకు అర్హమైనది.

చట్టాలలోనూ మార్పు వచ్చింది. జన విశ్వాస్ చట్టం 2023 ద్వారా పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలు శిక్షకు బదులు రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు జరిమానా 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. జల, వాయు చట్టాల కింద కాలుష్య నియంత్రణ మండళ్లు స్వయంగా పరిహారం విధించవచ్చునని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 4న తీర్పు ఇచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మట్టి తవ్వకాన్ని పర్యావరణ అనుమతి నుంచి మినహాయించిన నిబంధనను అదే న్యాయస్థానం 2024 మార్చి 21న కొట్టివేసింది. అధికారం పెరిగినా, దానిని ప్రయోగించడానికి కావలసిన సాక్ష్యం మాత్రం క్షేత్రస్థాయి నుంచే రావాలి.

షరతుల అమలు నివేదికలు 2006 నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ పత్రాలు. దరఖాస్తు చేసుకున్న ఎవరికైనా ప్రతి ఇవ్వాలి. తాజా నివేదికను అనుమతి ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో ఉంచాలి. కేంద్ర మంత్రిత్వ శాఖ సమీకృత ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నది. దరఖాస్తులో పథకం పేరుతో పాటు అనుమతి పత్రం సంఖ్య, తేదీ, షరతు సంఖ్య పేర్కొని, మట్టి పోసిన స్థలాల పటమూ మొక్కల మనుగడ లెక్కలూ విడిగా కోరినట్లయితే ‘అమలు చేస్తున్నాము’ అన్న ఒక్క మాటతో సమాధానం ముగించడానికి వీలుండదు.