నిరీక్షణ తపస్సేనా?

అవిభక్త అనంతపురం జిల్లా పెనుకొండ చెంత, ఎర్రమంచిలో, 2019 నుండి కియా కార్లు తయారవుతున్నాయి. 2022 జూన్‌లో ఆ సంస్థ విడుదల చేసిన విద్యుత్ కారు ఈవీ6 మాత్రం కొరియా నుండి సముద్రం దాటి రావలసినది. ప్రారంభమూల్యం 59.95 లక్షల రూపాయలు. ఆ ఏటికి దేశం మొత్తానికి తొలుత కేటాయించినవి 100. విడుదలనాటికే నమోదైన బుకింగులు 355. కర్మాగారం పొరుగున ఉన్న ధనవంతునికైనా నిరీక్షణ తప్పలేదు.

అదే జూన్‌లో ఎర్రనేలల రైతు వేరుశనగ విత్తడానికి మేఘాలకేసి చూస్తుంటాడు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడే సీమ ఇది. ఇరువురిదీ నిరీక్షణే అనడం సులభం, కాని అసత్యం. రైతు దుక్కి దున్ని, విత్తనం సిద్ధపరచి, ఫలాన్ని కాలానికి వదిలాడు. అతడు విలపిస్తే తప్పుపట్టే అధికారం ఏ వేదాంతికీ లేదు. కారు కోరినవాని కర్మ ధనం చెల్లించడంతోనే ముగిసింది, శేషించినది విషయధ్యానం. ధ్యానం నుండి సంగం, సంగం నుండి కామం, కామం నుండి క్రోధం అని గీత రెండవ అధ్యాయం చూపిన క్రమం విక్రయశాలకు చేసే ఫోన్లలో స్పష్టంగా వినిపిస్తుంది.

కఠోపనిషత్తులో నచికేతసుడు యముని గృహంలో మూడు రాత్రులు నిరాహారుడై వేచాడు. అనంతరం యముడు ఇవ్వజూపిన భోగాలలో రథాలూ ఉన్నాయి. వాటిని నీవద్దనే ఉంచుకొమ్మన్నాడా బాలుడు.

బుకింగు రద్దు చేసుకొమ్మని దీనర్థం కాదు. తన కోరిక ఎలా పెరుగుతున్నదో సాక్షిగా చూడడానికి కొన్ని మాసాలు అయాచితంగా లభించాయి. తాళంచెవి చేతికందిన దినాన ఆ అవకాశం ముగుస్తుంది.