నొప్పి మాత్రల్లో రెండో మందుతోనే చిక్కు

న్యూఢిల్లీ: నొప్పులకు, జ్వరాలకు వాడే మిశ్రమ మాత్రలపై కేంద్ర ప్రభుత్వం నిషేధం విధించడం, ఉత్పత్తిదారులు న్యాయస్థానాలను ఆశ్రయించడం గత పదేళ్ళుగా పరిపాటిగా మారింది. 2024 ఆగస్టు 2న కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ ఒకేసారి 156 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. ఎసిక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర ఆ జాబితాలో ఉంది. అవే రెండు మందులు 100, 325 మిల్లీగ్రాముల చొప్పున కలిసిన మాత్ర మాత్రం లేదు. నడుంనొప్పి అనో, మోకాలినొప్పి అనో మందుల షాపులో అడిగేవారి చేతికి తరచుగా వచ్చేది ఈ రెండో మాత్రే.

దీంతో ఆ మందును నిషేధించారని కొందరు, ప్రభుత్వమే అనుమతించింది కనుక దానితో భయం లేదని మరికొందరు భావిస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. నిషేధం వర్తించేది జాబితాలో పేర్కొన్న మిశ్రమానికి, పేర్కొన్న మోతాదుకు మాత్రమే. మిగిలిన మాత్రలు వైద్యుని సలహాపై, పరిమిత కాలం వాడవలసినవి. వాటిని ఎవరికి వారు కొనుక్కుని మింగుతున్నప్పుడు తలెత్తే ప్రమాదాన్ని ఏ నోటిఫికేషనూ ఆపలేదు.

మిశ్రమ మాత్రల వివాదం ఈనాటిది కాదు. రెండు, అంతకు మించి మందులను మొదటిసారిగా కలిపినప్పుడు దానిని కొత్త ఔషధంగానే పరిగణించి కేంద్ర అనుమతి పొందాలన్న నిబంధన 1988 సెప్టెంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అనేక మిశ్రమాలు కేంద్రం పరిశీలన లేకుండానే రాష్ట్రాల అధికారులు ఇచ్చిన లైసెన్సులతో విపణిలోకి వచ్చాయి. ఆరోగ్య శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2012 మే నెలలో సమర్పించిన నివేదికలో ఔషధ నియంత్రణ వ్యవస్థ పనితీరును తీవ్రంగా విమర్శించింది. అనంతరం ఆచార్య చంద్రకాంత్ కొకాటే అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ ఈ మిశ్రమాలను పరిశీలించింది. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయానికి ఆయన గతంలో ఉపకులపతిగా పనిచేశారు.

ఆ కమిటీ సిఫారసుల ఆధారంగా 2016 మార్చి 10న 344 మిశ్రమాలను కేంద్రం నిషేధించగా, అదే ఏడాది డిసెంబర్ 1న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని ఔషధ సాంకేతిక సలహా మండలి పునఃపరిశీలనకు పంపింది. 1988కి ముందు నుంచీ తయారవుతున్న 15 మిశ్రమాలను నిషేధం నుంచి మినహాయించింది. 2018 సెప్టెంబర్‌లో 328 మిశ్రమాలపై తాజాగా నిషేధం వెలువడినప్పుడు ఇంటింటా తలనొప్పి మాత్రగా తెలిసిన సారిడాన్ కూడా ఆ జాబితాలో చేరింది. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు దాని అమ్మకాలను తాత్కాలికంగా అనుమతించింది. 2019 ఫిబ్రవరిలో నిషేధం నుంచి మినహాయింపు కూడా లభించింది. పాత మందు కావడమే ఆ మాత్రకు రక్షణ కవచమైంది. పాతదైనంత మాత్రాన మందు నిరపాయకరం కాదన్నది వేరే విషయం.

చట్టం సంగతి అలా ఉంచితే, వాడేవారికి అసలు చిక్కు మాత్రలోని రెండో మందుతోనే వస్తున్నది. స్ట్రిప్‌పై పెద్ద అక్షరాల్లో కనిపించేది కంపెనీ పెట్టిన పేరు. అందులో ఏయే మందులు ఎంతెంత ఉన్నాయో దాని కింద చిన్న అక్షరాల్లో, చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటుంది. నొప్పి మాత్ర, జలుబు మాత్ర, జ్వరం మాత్ర మూడూ వేర్వేరు మందులని కొన్నవారు అనుకుంటారు. మూడింటిలోనూ పారాసెటమాల్ ఉండవచ్చు.

ఒక లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. నడుంనొప్పికి 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసిన మాత్రను రోజుకు రెండు పూటలా వేసుకుంటే 650 మిల్లీగ్రాములు అవుతుంది. జలుబుకు 500 మిల్లీగ్రాములున్న మాత్రను మూడు సార్లు వాడితే మరో 1,500. జ్వరానికి 650 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు వేసుకుంటే ఇంకో 2,600. మొత్తం 4,750 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడైన వయోజనుడికి రోజు మొత్తానికి గరిష్ఠ పరిమితి 4,000 మిల్లీగ్రాములు. మద్యం అలవాటు, కాలేయ వ్యాధి ఉన్నవారికి, తిండి లేక నీరసించినవారికి, బాగా బరువు తక్కువ ఉన్నవారికి పరిమితి అంతకంటే తక్కువే. ఏ ఒక్క మాత్రనూ అతిగా వాడకుండానే పరిమితి దాటిపోవడం ఇక్కడ గమనార్హం.

పారాసెటమాల్‌లో కొంత భాగాన్ని కాలేయం విష పదార్థంగా మారుస్తుంది. మామూలు మోతాదులో ఆ విషాన్ని విరిచే శక్తి కాలేయానికే ఉంటుంది. మోతాదు మించితే ఆ శక్తి చాలదు. మొదటి రోజు వికారం, వాంతులు తప్ప పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. మూడు, నాలుగు రోజులకు కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉన్నా, 8 గంటల లోపు ఇచ్చినప్పుడే అది పూర్తిగా పనిచేస్తుంది. కనుక మోతాదు మించిందని తెలిసిన వెంటనే, బాధ లేకపోయినా, ఆసుపత్రికి వెళ్ళవలసి ఉంటుంది. ఈ ముప్పు కారణంగానే వైద్యుల చీటీపై అమ్మే మిశ్రమ మాత్రల్లో పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములకు మించరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011 జనవరిలో ఉత్పత్తిదారులను కోరింది.

ఎసిక్లోఫెనాక్ వంటి మందులతో వచ్చే ఇబ్బందులు వేరు. కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల సమస్యలు, కొందరిలో గుండెపోటు ముప్పు వీటితో ముడిపడి ఉన్నాయి. రక్తపోటుకు కొన్ని రకాల మాత్రలు, వాటితో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడే వృద్ధులు వీటిని కలిపి వేసుకుంటే మూత్రపిండాలపై భారం మరింత పెరుగుతుంది. గర్భిణులు ఐదో నెల నిండాక ఇటువంటి మందులు సొంతంగా వాడరాదు. వర్షాకాలంలో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. డెంగీలో రక్తకణికలు పడిపోయి రక్తస్రావం జరిగే అవకాశం ఉన్నందున జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వాలన్నది వైద్యశాస్త్రం నిర్దేశం. జ్వరంతో ఒళ్ళునొప్పులు పట్టాయని షాపులో అడిగినవారికి మిశ్రమ మాత్ర అందితే, పారాసెటమాల్‌తో పాటు ఇవ్వకూడని మందు కూడా కడుపులోకి పోతుంది.

నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫెనమిక్ ఆమ్లంపై భారత ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్ 30న హెచ్చరిక జారీ చేసింది. అరుదుగానైనా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలకు పాకే తీవ్రమైన అలర్జీ దీనితో రావచ్చునన్నది ఆ హెచ్చరిక సారాంశం. ఇక 12 ఏళ్ళ లోపు పిల్లలకు 2011లోనే నిషేధించిన నిమెసులైడ్ విషయంలో, 100 మిల్లీగ్రాములకు మించిన సాధారణ మాత్రలపై 2025 డిసెంబర్‌లో నిషేధం పడింది. యూరప్‌లో ఫిన్లాండ్, స్పెయిన్ దీని అమ్మకాలను 2002లోనే నిలిపివేశాయి.

మత్తు కలిగించే నొప్పి మందులు కలిసిన మాత్రలది మరో కథ. పారాసెటమాల్, డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ కలిసిన మాత్రతో ఏటా 300 నుంచి 400 మంది మరణిస్తున్నారన్న కారణంగా 2005లో బ్రిటన్ దాని ఉపసంహరణను ప్రకటించింది. అమెరికా 2010లో అదే దారి పట్టింది. భారత ప్రభుత్వం 2013 మే నెలలో నిషేధించింది. అప్పటికే మణిపూర్, మిజోరం రాష్ట్రాలలో ఆ మందు కలిసిన గుళికల పొడిని కరిగించి సూదితో ఎక్కించుకునే వ్యసనం ఎందరినో బలిగొన్నది. నొప్పి మందుగా ట్రమడాల్ వాడకం పెరిగాక అదీ దుర్వినియోగానికి గురికావడంతో, 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు నేటికీ చట్టబద్ధమే. శస్త్రచికిత్స తర్వాత వైద్యులు వాటిని రాయడంలో తప్పు లేదు. మద్యంతోగాని, నిద్రమాత్రలతోగాని కలిస్తే మాత్రం శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మానసిక కుంగుబాటుకు మందులు వాడేవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 1982లోనే జాతీయ ఔషధ విధానాన్ని ప్రకటించి, అనవసరమైనవి, హానికరమైనవిగా తేల్చిన సుమారు 1,700 ఉత్పత్తులను తొలగించేందుకు పూనుకుంది. వాటిలో మిశ్రమాలు అనేకం. ఒక్కొక్క మిశ్రమంపై ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడుస్తున్న భారతదేశ పరిస్థితికి ఇది భిన్నం.

ఈ మాత్రల స్ట్రిప్‌పై ఎర్రని నిలువు గీత, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న వాక్యం ఉంటాయి. తెలుగు పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేని గ్రామీణ వైద్యుడనే అర్థం స్థిరపడిపోవడం విచిత్రం. చట్టం చెప్పేది నమోదైన డాక్టరు గురించి. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు వంటివి అందులో తెలుస్తాయి. రోజుకు ఎన్ని మాత్రలకు మించరాదో, దేనితో కలిపి వాడరాదో చెప్పాలన్న నిబంధన అందులో లేదు. మాత్ర వాడిన తర్వాత దద్దుర్లు, నల్లని విరేచనాలు, మూత్రం తగ్గిపోవడం, కళ్ళు పచ్చబడటం వంటివి కనిపిస్తే మందు ఆపి వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆ మందు వివరాలను ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్‌కు 1800-180-3024 నంబరుపై ఉచితంగా తెలియజేసే వీలు రోగులకు కూడా ఉంది.