గుండె బేరము

పూర్వము సముద్రము దాటినవానిని కులమువారు వెలివేయుచుండిరి. 1888లో మోహనదాసు గాంధీ బారిష్టరు చదువునకై లండనుకు బయలుదేరినప్పుడు బొంబాయిలోని ఆయన కులపెద్దలు కూడి అట్లే చేసిరి. ఆ యాచారము చచ్చినది. మంచిదే. కాని దాని గద్దెమీద మఱియొక యాచారము వచ్చి కూర్చున్నది. సముద్రము దాటి వచ్చినవాడు ఎంత సొమ్ము తెచ్చెనో చూచి, దానికి తగినట్లు వాని ప్రాణమునకు మర్యాద చేయుటయే యీ క్రొత్త యాచారము. దీనికి “వైద్య పర్యాటకము” అని ముద్దుపేరు పెట్టినారు. రొమ్మెముక కోసి, గుండెను ఆపి, యంత్రముచేత నెత్తురు నడిపించి చేయు శస్త్రచికిత్సకు పోవుట తిరునాళ్లకు పోవుటవంటిదా? ఈ పేరు పెట్టినవా డెవడో కాని వానికి గుండెజబ్బు వచ్చి యుండదు.

ఇటీవల నొక సభలో ఒక వక్త లేచి, “అమెరికావారే గుండె బాగుచేయించుకొనుటకు మన వాకిట నిలుచుచున్నారు, ఇంతకంటె మనకేమి కావలెను?” అని చప్పట్లు కొట్టించెను. మేమును అచ్చట నుంటిమి. మాకు చేతులాడలేదు. ఏల ఆడలేదో చెప్పవలసి యున్నది.

ఆ వక్తవంటివారు తఱచుగా చెప్పు కథయొకటి కలదు. 2004లో బీమా లేని యొక అమెరికా వడ్రంగికి గుండెకవాటము చెడినది. దానిని సరిచేయుటకు అచ్చట సుమారు 2,00,000 డాలర్లు కావలెననిరి. ఆయన ఢిల్లీకి వచ్చి, ప్రయాణపు ఖర్చులతో గూడ సుమారు 10,000 డాలర్లలో పని ముగించుకొని, ప్రాణముతో ఇల్లు చేరెను. 2006లో అమెరికా సెనేటువారి యొక సంఘము ఎదుట ఈ కథ సాక్ష్యముగా చెప్పబడినది. మనవారు దీనిని మన గొప్పకు సాక్ష్యమందురు. మాకు మాత్రము మొదట కనబడునది ఆ దేశపు సిగ్గు. చంద్రునిమీద మనుష్యుని నడిపించిన దేశము, ఊరివారికి తలుపులు చేసిపెట్టిన వడ్రంగికి ఆసుపత్రి తలుపు తెఱువలేకపోయినది. పొరుగువాని సిగ్గును మనము పతకముగా మెడలో వేసికొన దగునా?

నలువది యేండ్లకు ముందు ఈ దారి ఇటునుండి అటు పోయెడిది. 1984లో ఎన్.టి. రామారావుగారు గుండె శస్త్రచికిత్సకై అమెరికా వెళ్లి వచ్చిరి. రాగానే ఆగస్టు 16వ తేదీన ఆయన పదవిని ఊడబెఱికిన కథ తెలుగువారికి చెప్ప నక్కఱలేదు. కాని అట్లు పోగలవా రెందఱు? 1979లో అమెరికా పోవుటకు సొమ్ము చాలక తన రోగి యొకడు మరణించుటయే తన్ను కదిలించినదని చిత్తూరు జిల్లావారైన డాక్టరు ప్రతాప రెడ్డిగారు చెప్పుకొనియున్నారు. 1983లో ఆయన మద్రాసున ఆసుపత్రిని స్థాపించిరి. 1991లో పుట్టపర్తిలో, లెక్క వ్రాయు బల్లయే లేని ఆసుపత్రిలో, ఉచితముగా గుండె శస్త్రచికిత్సలు మొదలైనవి. వీనిని మేము తక్కువ చేయము. మన శస్త్రవైద్యుల చేతిపనిని నిందించుటకును మేము కలము పట్టలేదు.

అయితే ఈ చౌక యెక్కడనుండి వచ్చినది? కొంత న్యాయమైన దారినే వచ్చినది. ఒక్క యంత్రముమీద ఒక్క దినమున పలువురికి పని జరిగినచో తలకు పడు ఖర్చు తగ్గును. ఒకే పనిని వేలసార్లు చేసిన చేయి త్వరగాను, తప్పు లేకయు చేయును. దేవీ శెట్టిగారు బెంగుళూరులో చూపినది ఈ లెక్కయే. 2014లో ఆయన అమెరికావారికి దగ్గఱగానున్న కేమన్ ద్వీపములలో గూడ ఆసుపత్రి తెఱచిరి. రోగి సముద్రము దాటుటకు బదులు ఆసుపత్రియే దాటినదన్నమాట.

తక్కిన చౌక మాటేమి? శస్త్రచికిత్స యైన రాత్రి రోగి ప్రక్కన మేలుకొని, గంటగంటకు నాడి చూచి, గొట్టములు తుడిచి, మూత్రము కొలుచునది నర్సు. 2016లో సుప్రీంకోర్టు ఆజ్ఞమీద ఏర్పడిన సంఘము, ఏబది మంచములకు లోబడిన ఆసుపత్రిలోనైనను నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సలహా చెప్పినది. అట్టి సలహా చెప్పవలసి వచ్చుటయే వారి జీతముల గతిని చెప్పుచున్నది. కాబట్టి ఆ వడ్రంగికి మిగిలిన డాలర్లలో కొన్ని యీ బిడ్డల చేటలోనుండి తీసినవే. మఱి నేల యెవరిది? ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రికి 15 ఎకరములు నామమాత్రపు కౌలుకిచ్చి, మంచములలో మూడవ వంతు బీదలకు ఉచితముగా నీయవలెనని నియమము పెట్టిరి. ఆ నియమమును చెల్లింపుమని 2009లో హైకోర్టు ఆదేశింపవలసి వచ్చినది. ప్రజల నేల, ప్రజల బిడ్డల రెక్కలు, ప్రజల సొమ్ముతో చదివిన వైద్యులు! ఇంత పెట్టుబడి పెట్టిన ప్రజలకు వంతెంత?

2002నాటి జాతీయారోగ్య విధానములో ఒక మాట కలదు. విదేశ ద్రవ్యము తీసికొని అన్యదేశస్థులకు చేయు చికిత్సను ఎగుమతితో సమానముగా నెంచి, ఎగుమతులకిచ్చు రాయితీలను దానికిని ఈయవలెనట! మనకు వేరుసెనగ ఎగుమతి తెలియును, పొగాకు ఎగుమతి తెలియును. రైతు తన యింటికి, విత్తనమునకు ఉంచుకొని మిగిలినదానిని అంగడికి తోలును. గుండెచికిత్స మనకు తిని మిగిలినదా? ఇంట పిల్లలు కంచముల ముందు కూర్చుండగా కుండతో అన్నమును అంగడికి పంపు గృహిణిని ఏమందురు? 2007లో మన ఆంధ్రదేశమున ఆరోగ్యశ్రీ వచ్చి, తెల్లకార్డువానికిని గుండె శస్త్రచికిత్స దక్కునట్లు చేసినది. దానిని మేము మనసార మెచ్చుకొంటిమి. కాని ప్రభుత్వపు బాకీలు తీఱలేదని ఆసుపత్రులు ఆ సేవలను ఆపుట పలుమాఱులు జరిగినది. డాలరు తెచ్చినవాని చికిత్స బాకీలకై ఆగినట్లు ఎవరైన వినిరా?

మాపై వచ్చు ఆక్షేపణ మాకు తెలియును. “అట్లయిన పరదేశి రోగిని తఱిమివేయుదమా?” అని అడుగుదురు. ముమ్మాటికిని కాదు. మా తగవు రోగితో కాదు, బేరముతో. ప్రాణభయముతో వచ్చినవాడు అతిథి. వానిని గిరాకి యనుకొన్నప్పుడే కీడు మొదలగును. 2003 జూలైలో లాహోరు బస్సు తిరిగి నడచినప్పుడు దానిలో గుండెకు రంధ్రమున్న రెండేండ్ల పాప వచ్చినది. బెంగుళూరులో ఆమెకు చికిత్స జరిగినది. ఊరూరివారు పాపకై బొమ్మలు పంపిరి, దేవుళ్లకు మ్రొక్కిరి. 2025 ఏప్రిలు 22వ తేదీన పహల్గాములో ఇరువదియాఱుగురిని చంపిరి. ఆ దుర్మార్గమునకు ఏ శిక్షయు ఎక్కువ కాదు. కాని వెనువెంట పాకిస్తానీయుల వైద్యవీసాలు 29వ తేదీతో ముగియునని ఉత్తరువు వచ్చుటచేత, గుండె శస్త్రచికిత్సకై తెచ్చిన పిల్లలను చికిత్స జరుగకయే తల్లిదండ్రులు తిరిగి సరిహద్దు దాటించుకొని పోయిరి. ఆ పిల్లలు ఏ తుపాకి పట్టిరి? దేశభక్తి పేర మమ్ము తిట్టువారు తిట్టుదురు గాక, మేమీ మాటను వెనుకకు తీసికొనము.

పోయినవాని గతియు కొంచెము తలపవలెను. లోహపు కవాటము పెట్టించుకొన్నవాడు బ్రదికినన్నాళ్లు నెత్తురు గడ్డకట్టనీయని మందు మ్రింగుచు, తఱచుగా నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. ఇంటికడ ఆ పరీక్ష చేయు వైద్యుడు లేనిచో చౌకగా వేయించుకొన్న కవాటమే యముడగును. ప్రకటనల కాగితములలో ఈ సంగతి ఏ మూలనో చిన్న యక్షరములలో నుండును, లేకున్నను లేదు.

ఇక మన పల్లెల మాట. కవాటములు చెడి నగరముల ఆసుపత్రులకు వచ్చు మన బీదలలో పెక్కుమందికి ఆ జబ్బు చిన్ననాటి గొంతునొప్పితో మొదలైనది. గొంతులో చేరిన సూక్ష్మజీవివలన కీళ్లవాతపు జ్వరము, దానివలన కవాటములకు చేటు. గొంతునొప్పినాడే పెనిసిలిన్ ఇచ్చిన ఆ జ్వరము రాదు. వచ్చినవారికి మూడు నాలుగు వారముల కొకమాఱు ఏండ్ల తరబడి ఆ సూదిమందు వేసిన కవాటము మఱింత చెడకుండును. దాని వెల ఒక పూట కూరగాయల వెలను మించదు. అంత చౌక గనుకనే దానిని అమ్ముటయందు ఎవరికిని ఆసక్తి లేదు, దానికై యే దేశమునుండియు ఎవరును విమానమెక్కి రారు.

మా చదువరులలో ఉపాధ్యాయులును, తల్లులును పెక్కండ్రు గలరు. మీ యూరి ప్రాథమికారోగ్యకేంద్రమునకు ఈ వారము పోయి, ఆ మందు అలమరలో నున్నదా, సూది వేయుటకు జంకని నర్సు అచ్చట నున్నదా, మోకాళ్లు వాచి జ్వరము వచ్చిన పిల్లల పేర్లు పుస్తకములో వ్రాసినారా, పోయిన నెల రాని పిల్లను ఎవరైన పోయి పిలిచిరా యని అడుగుడు. వారు చెప్పిన జవాబులను మాకు వ్రాయుడు. ఉన్నవి ఉన్నట్లుగా అచ్చు వేయుదుము.