చెవి నేర్పిన వాద్యాలు

పిల్లలూ! వాద్యం నేర్చుకోవాలంటే ముందుగా ఏం కావాలి? “గురువు కావాలి,” అంటారు మీరు. “ముందు వాద్యం కొనద్దూ?” అంటారు మీ నాన్నగారు. రెండూ నిజమే. కాని పద్ధతిగా గురువు కుదరకపోయినా, కోరిన వాద్యం చేతికి రాకపోయినా, వాయించడం నేర్చినవాళ్ళు ఉన్నారు. వారిలో ఒకరు నెల్లూరువారే.

నెల్లూరులో శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తిగారు అనే హరికథకులు ఉండేవారు. హరికథ అంటే మాటలా! ఒక్క మనిషే కథ చెప్పాలి, పద్యం చదవాలి, కీర్తన పాడాలి, కాలికి గజ్జె కట్టి ఆడాలి, జనం కునికిపాట్లు పడకుండా నడుమ నడుమ నవ్వించాలి. సాంబమూర్తిగారి కొడుకు బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పుట్టాడు. ఈ పిల్లవాడు శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతి ప్రకారం నేర్చుకోలేదు. తండ్రి పాడుతూంటే వినేవాడు. వింటూనే స్వరాలు రాసే తీరు తెలుసుకున్నాడు. హార్మోనియం వాయించడమూ, పిల్లనగ్రోవి ఊదడమూ పట్టుబడ్డాయి.

ఈ రెండు వాద్యాలకూ పోలికే లేదు. హార్మోనియం పెట్టెలో సన్నని ఇత్తడి నాలుకలు వరసగా బిగించి ఉంటాయి. తిత్తి ఊపితే వచ్చే గాలి ఆ నాలుకలను కదిలిస్తుంది. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క స్వరం. మెట్టు నొక్కితే ఆ స్వరం పలికి తీరుతుంది. ఎక్కడ నొక్కాలో కంటికి కనపడుతూనే ఉంటుంది. అయితే రెండు మెట్లకు నడుమ ఉండే నాదాన్ని పలికించమంటే మాత్రం హార్మోనియం చేతులెత్తేస్తుంది. మన సంగీతానికి ప్రాణమైన గమకం ఉండేది సరిగ్గా ఆ నడుమనే! ఈ లోపం ఎంచే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. పాపం, అప్పటికీ ఊళ్ళలో హరికథలకూ నాటకాలకూ అదే దిక్కుగా ఉంటూ వచ్చింది.

పిల్లనగ్రోవి సంగతి వేరు. మొదటి రోజున ఎంత ఊదినా గాలి తప్ప నాదం రాదు. వచ్చాక చూడాలి దాని వయ్యారం! రంధ్రాన్ని సగం మూస్తే స్వరం జారుతుంది. కాస్త గట్టిగా ఊదితే అదే వేళ్ళతో పైస్థాయి పలుకుతుంది. ఇక్కడ కన్ను ఎందుకూ పనికిరాదు. స్వరం సరిగా పడిందో లేదో చెవే చెప్పాలి. హార్మోనియం మీద స్వరాల చోట్లు తెలుసుకుని, పిల్లనగ్రోవి మీద వాటి నడుమ దారులు వెతుక్కున్న పిల్లవాడికి ఇంట్లోనే రెండు బడులు దొరికినట్టు.

ఇలాటి బడిలోనే చదువుకున్న మరొక కుర్రవాడు సముద్రాల కవతల ఉండేవాడు. అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం ఉంది. ‘బ్లూగ్రాస్’ అనే ఒక జాతి గడ్డికి అది పేరుపొందినది. అక్కడ 1911లో ఒక రైతు ఇంట బిల్ మన్రో పుట్టాడు. ఎనమండుగురిలో కడగొట్టువాడు. అన్నలలో ఒకడు ఫిడేలు తీసుకున్నాడు, ఇంకొకడు గిటారు తీసుకున్నాడు. తమ్ముడికి మాండలిన్ మిగిలింది. కడగొట్టు పిల్లలకు ఏ దేశంలోనైనా ఇదే గతి కాబోలు! పదేళ్ళకు తల్లి పోయింది, పదహారేళ్ళకు తండ్రి పోయాడు. మేనమామ పెన్ చేరదీశాడు. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో నాట్యాలకు ఫిడేలు వాయించేవాడు. పక్కన మేనల్లుడు గిటారు వాయించేవాడు. మామ ఫిడేలు పాటలన్నీ ఆ కుర్రవాడి చెవిలో ఉండిపోయాయి.

తరవాత వాటిని మాండలిన్ మీద పలికించాడు. అదెలా సాధ్యం? ఫిడేలుకూ మాండలిన్‌కూ చుట్టరికం ఉంది. ఆ దేశపు ఫిడేలుకు నాలుగు తీగలు. ఒక తీగ ‘స’ అనుకుంటే దాని పక్క తీగ ‘ప’ అయ్యేలా వరసగా శ్రుతి చేస్తారు. మాండలిన్‌కు ఎనిమిది తీగలు ఉన్నా అవి నాలుగు జంటలే, శ్రుతులు కూడా ఫిడేలువే. అందుచేత ఎడమచేతి వేళ్ళకు రెండూ ఒకే ఇల్లు. కుడిచేతికే తేడా: అక్కడ కమాను లాగాలి, ఇక్కడ బిళ్ళతో మీటాలి. ఒకటి వచ్చినవాడికి రెండోది సగం వచ్చినట్టే. మన్రో తన బృందానికి సొంత రాష్ట్రం పేరు మీద ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకున్నాడు. చివరకు ఆ సంగీతానికే బ్లూగ్రాస్ అని పేరు వచ్చింది. ఫిడేలు, మాండలిన్, గిటారు, బాంజో, నిలువెత్తు బేసు—ఇవీ దాని వాద్యాలు. కరెంటుతో పనిలేదు.

మాండలిన్ మన గోదావరి సీమకూ వచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరో ఏటనే చేతపట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాలలో ఆ పిల్లవాడు కచేరీ చేశాడు. 1983కల్లా బెర్లిన్ దాకా వెళ్ళాడు.

మళ్ళీ బాలసుబ్రహ్మణ్యంగారి దగ్గరికి వద్దాం. ఆయన ఇంజనీరింగు చదవడానికి అనంతపురం వెళ్ళారు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగితే, మద్రాసులో మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడ 1964లో పాటల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కుర్రవాళ్ళను కూడగట్టి బృందం పెట్టారు. అందులో గిటారు, ఆ తరవాత హార్మోనియం వాయించిన ఇళయరాజా, గిటారు వాయించే ఆయన తమ్ముడు గంగై అమరన్, తాళవాద్యాలకు అన్న భాస్కర్ ఉండేవారు. 1966 డిసెంబరు 15న కోదండపాణిగారు బాలసుబ్రహ్మణ్యంగారి చేత మొదటి సినిమా పాట పాడించారు. 1977లో ‘కన్యాకుమారి’కి ఆయనే సంగీత దర్శకుడయ్యారు.

అసలు పరీక్ష ‘శంకరాభరణం’తో వచ్చింది. అది ఒక శాస్త్రీయ సంగీత విద్వాంసుని కథ. ఆ విద్వాంసునికి గొంతు ఇవ్వాలి. విన్న చదువే తప్ప శాస్త్రం చదవనివారు అంత బరువు మోయగలరా? సంగీత దర్శకుడు మహదేవన్‌గారి సహాయకుడు పుహళేందిగారు దగ్గర కూర్చుని పాటలు నేర్పారు. బాలసుబ్రహ్మణ్యంగారు విన్నారు, నేర్చారు, పాడారు. 1980లో సినిమా విడుదలయింది. ఆయనకు మొదటి జాతీయ బహుమతి తెచ్చినవి ఆ పాటలే.

2020 ఫిబ్రవరిలో ఆయన నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. ఆ సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఆ ఏడే నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు.