ఫ్యాన్‌కు రిలే తప్పనిసరి

సంపాదకులకు,

పాత కార్లకు ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్ అమర్చడంపై గత సంచికలో వచ్చిన వ్యాసం ఉపయోగకరమే. అయితే ఫ్యాన్ వైరును నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కు కలపొచ్చన్న సలహా ప్రమాదకరం.

1962లో మార్కెట్లోకి వచ్చిన ఎంజీబీ కారు సంగతే చూడండి. దాని లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది గరిష్ఠంగా 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్, వైపర్లు అన్నీ దానిమీదే నడవాలి. ఓ మోస్తరు ఫ్యాన్ ఒక్కటే దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. ఆ భారమంతా పాత స్విచ్ మీద పడితే లోపలి కాంటాక్టులు మాడిపోతాయి.

అందుకే ఫ్యాన్ కరెంటును స్విచ్ మీద పడనీయకుండా వేరుగా పంపే రిలే కావాలి. బ్యాటరీ నుంచి లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ నంబరు పిన్నుకు. 87 నుంచి ఫ్యాన్‌కు. ఇగ్నిషన్, థర్మో స్విచ్‌ల సన్న వైర్లు 85, 86లకు.

వ్యాసంలో రాని ముఖ్య విషయం మరొకటుంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిపి ఉండేది బ్యాటరీ పాజిటివ్. ఇప్పటి ఫ్యాన్ నల్ల వైరును అలవాటు కొద్దీ బాడీకి బిగిస్తే మోటారు వెనక్కి తిరిగి, ఎదురుగాలి ఊదుతుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ మరిగిపోతుంది. గ్రిల్ ముందు పట్టిన పల్చటి కాగితం లోపలికి అంటుకుంటేనే దిశ సరైనదని లెక్క.

ఈ సవరణను వైరింగ్ బొమ్మతో సహా వచ్చే సంచికలో ప్రచురించగలరు.

— ఒక పాఠకుడు