‘మన’ చిన్నప్పుడంటే ఎవరి చిన్నప్పుడు?

పోయిన సంక్రాంతికి జగ్గయ్యపేటలో మా స్కూలు పూర్వ విద్యార్థుల సమావేశం జరిగింది. హాల్లో ఓ మూల పాత డబ్బా టీవీ పెట్టి దానికి టీవీ గేమ్ తగిలించారు. మారియో, కాంట్రా. నలభై దాటిన మగవాళ్ళు చొక్కా చేతులు మడిచి వంతులకోసం పోట్లాడుకుంటున్నారు. వెనక బ్యానర్ మీద గళ్ళుగళ్ళుగా మారియో బొమ్మ, కింద ‘మన బంగారు బాల్యం’ అని పెద్ద అక్షరాలు. ఆడవాళ్ళం అటుపక్క కుర్చీల్లో కూర్చుని ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పుకుంటున్నాం. మధ్యలో ఒకాయన వచ్చి నా చేతిలో టీ ట్రే పెట్టి, ‘‘కాస్త వాళ్ళకి అందించమ్మా, ఇప్పట్లో లేచేలా లేరు’’ అన్నాడు. అందించాను. అందించాక గానీ కోపం రాలేదు.

నా పేచీ ఆ బ్యానర్ మీది ‘మన’ అనే మాటతో.

1990లలో మా ఊరి బజార్లో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. ఇరుకు గది, రెండు టీవీలు, గుమ్మానికి గుడ్డ తెర. గంటకింత అని తీసుకునేవాళ్ళు. ఆ తెర తీసుకుని లోపలికి వెళ్ళిన ఆడపిల్లని నేను ఒక్కరిని కూడా చూడలేదు. రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం ఏముంది? ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతేనే ‘ఎక్కడ తిరుగుతున్నావ్’ అని అడిగే ఊళ్ళో, చీకటి గదిలో మగపిల్లల మధ్య నిలబడి ఆడుకోవడం మా ఊహకే అందేది కాదు.

1996 వేసవిలో ఆ ఆట మా ఇంటికే వచ్చింది. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు అది. బెజవాడ బీసెంట్ రోడ్డులో కొన్నారు. కాట్రిడ్జ్ మీద 9999 ఆటలని రాసి ఉండేది; ఆడిస్తే అవే కొన్ని ఆటలు పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. దానికి డబ్బు ఎక్కడిదో చెప్పాలి. అమ్మ రెండేళ్ళపాటు మధ్యాహ్నాలు వైరు బుట్టలు అల్లి, అమ్మి దాచుకున్న డబ్బది. తమ్ముడు షాపు చుట్టూ తిరిగి చెడిపోతున్నాడని, ఇంట్లోనైతే కళ్ళెదుటే ఉంటాడని కొనిచ్చింది. నేను షాపు చుట్టూ తిరగలేదు కాబట్టి నాకేమీ కొనాల్సిన అవసరం రాలేదు.

‘అక్కా, నువ్వూ ఆడావు కదా’ అంటాడు తమ్ముడు. ఆడాను. మారియోలో రెండో ప్లేయర్‌ని, లుయీజీని. మొదటివాడు చచ్చేదాకా రెండోవాడికి వంతు రాదు. తమ్ముడు బాగా ఆడేవాడు, ఓ పట్టాన చచ్చేవాడు కాదు. వాడు చచ్చే వేళకి మంచినీళ్ళ పంపు వచ్చేది, లేకపోతే అన్నం వార్చమని అమ్మ పిలిచేది. నేను తిరిగొచ్చేసరికి నా లుయీజీని కూడా వాడే ఆడేసి ఉండేవాడు. తర్వాత తీర్పు కూడా వాడిదే: ‘ఆడపిల్లలకి ఈ ఆటలు రావు.’ వంతే రానివాళ్ళకి ఆట ఎలా వస్తుంది?

చిన్నతనాన్ని తలుచుకుంటే తప్పేమిటని అడుగుతారు. తప్పు లేదు. కానీ తలుచుకోవడానికి కూడా ఒక ఆస్తి కావాలి: ఎవరూ పని చెప్పని మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నాలున్నవాళ్ళ జ్ఞాపకమే ఇప్పుడు ఒక తరం మొత్తానికి జ్ఞాపకమైంది. టీషర్టులైంది, గోడబొమ్మలైంది. 2016లో నింటెండో తన పాత యంత్రాన్నే చిన్నదిగా చేసి మళ్ళీ అమ్ముకుంది. ఈ జ్ఞాపకాన్ని ప్రశ్నిస్తే ఏమవుతుందో కూడా చూశాం. రాకుమారిని ఎత్తుకుపోవడం, వీరుడు విడిపించడం అనే కథ ఈ ఆటల్లో ఎన్నిసార్లు వచ్చిందో అనితా సర్కీసియన్ 2013 నుంచి వీడియోల్లో ఓపికగా విడమరిచి చెప్పింది. 2014లో కాల్పుల బెదిరింపు రావడంతో యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో తన ప్రసంగాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. ఉట్టి ఆటే అయితే అంత కోపం దేనికి?

అయితే రాకుమారి చేతికి తుపాకీ ఇస్తే సరిపోతుందని నేననుకోను. 1986లో వచ్చిన మెట్రాయిడ్‌లో ఆ పని చేశారు. కవచం లోపలి వీరుడు స్త్రీ అని చివర్లో తెలుస్తుంది. ఎంత త్వరగా ఆట ముగిస్తే ఆమె ఒంటిమీద అన్ని తక్కువ బట్టలు కనిపిస్తాయి. ఆమె ఆటగాడికిచ్చే బహుమతి, అంతే.

నేనడిగేది తెరమీది స్త్రీ గురించి కాదు, తెర వెనక చేతుల గురించి. కెరోల్ షా 1978లో అటారీ కంపెనీలో చేరింది. ఒక ఆడ డిజైనర్ దొరికింది, ఇక సింగారాలకీ ఇంటి అలంకరణకీ రంగులు జోడించే ఆటలు చేయిద్దామని కంపెనీ పెద్ద అన్నట్టు ఆమే తర్వాత చెప్పింది. ఆమె మాత్రం 1982లో యాక్టివిజన్‌లో రివర్ రెయిడ్ చేసింది. కేవలం నాలుగు కిలోబైట్ల జాగాలో అంత పొడవైన నది పట్టదు. అందుకని నదిని దాచిపెట్టకుండా, ఆడుతున్నంతసేపూ లెక్కకట్టి పుట్టించింది. సెంటిపీడ్ (1981) చేసిన ఇద్దరిలో డోనా బెయిలీ ఒకరు. 1986 నాటి కాసిల్‌వేనియా సంగీతంలో కినుయో యమషితా చెయ్యి ఉంది. ఆట చివర పేర్లలో మాత్రం ‘జేమ్స్ బనానా’ అనే వేళాకోళపు మగపేరు కనిపిస్తుంది. ఆ హాల్లో మారియోని చూసి కళ్ళు చెమర్చినవాళ్ళలో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు?

రంగులు జోడించడమంటే అంత తేలికా? ఆ యంత్రంలో ఎనిమిదిగళ్ళ చదరాలు, ఒక్కో కదిలే బొమ్మకీ మూడే రంగులు. మారియోకి మీసం ఎందుకొచ్చింది? అన్ని తక్కువ గళ్ళలో నోరు గీయడం కుదరక. మా అమ్మకీ అదే చిక్కు. బుట్టమీద చిలక ముక్కు రెండు ముళ్ళలో రావాలి, కన్ను ఒక్క ముడిలో. నోట్‌బుక్కులో గళ్ళు లెక్కపెట్టి గుర్తులు పెట్టుకునేది. సంక్రాంతి ముగ్గుకి ‘15 చుక్కలు, సందుచుక్క 8 వరకు’ అని ఒక్క ముక్క రాసుకుంటే బొమ్మకి కావలసిన చుక్కలన్నీ వచ్చేసేవి. మారియో మీసం డిజైన్ అట, దానిమీద పుస్తకాలొస్తాయి. చిలక ముక్కు మాత్రం ఆడవాళ్ళ టైంపాస్.

ఈ చేతుల్ని పరిశ్రమ గుర్తించలేదని కాదు. చౌకగా కావలసినప్పుడు బాగానే గుర్తించింది. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965లో అమెరికాలోని షిప్‌రాక్‌లో నవాహో స్త్రీలతో చిప్‌లు చేయించడం మొదలుపెట్టింది. వాళ్ళకి కంబళ్ళ నేత పుట్టుకతో వచ్చింది కాబట్టి ఈ పనీ వస్తుందన్నట్టు 1969లో కరపత్రం వేసింది. 1975లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటేడే ఆ కంపెనీ, మార్చుకునే కాట్రిడ్జ్‌లతో మొట్టమొదటి ఇంటి గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. నేర్చుకున్న నైపుణ్యాన్ని పుట్టుబుద్ధి అంటే దానికి కూలి తగ్గించవచ్చు, పేరు వేయనక్కర్లేదు. దీన్ని 2014లో లీసా నకమురా రాసిన వ్యాసం చదివి తెలుసుకున్నాను. చదువుతుంటే నాకు కనిపించింది మా వసారా.

తమ్ముడు ఆ టీవీ గేమ్‌ని హైదరాబాద్‌లో తన ఫ్లాట్‌లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. అమ్మ అల్లిన ఆఖరి బుట్ట పేటలో వంటింట్లో ఉల్లిపాయలతో వేలాడుతోంది, ఒక చెవి తెగింది. ఆ రోజు సమావేశం నుంచి వచ్చి, ఆ యంత్రం ఎవరి డబ్బుతో కొన్నదో నీకు తెలుసా అని ఫోన్లో అడిగాను. ‘‘నాన్న కొన్నాడు కదక్కా’’ అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగా వాడికి అలాగే గుర్తుంది.

అందుకే ‘మన బాల్యం’ అని ఎవరన్నా మురిసిపోతుంటే మనం మర్యాదకి తల ఊపకూడదు. ఆ డబ్బు ఎవరిది, వంతు ఎవరిది, టీ ఎవరు పెట్టారు అని అడుగుదాం. ఆ అడగడాన్ని ఆడవాళ్ళ సాధింపు అంటారు, అననీండి. అమ్మకిప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. ఆ గళ్ళ నోట్‌బుక్ ఇంకా దొరకలేదు. దొరికేలోపు, ఏ గుర్తుకి ఏ రంగో పక్కన కూర్చుని అడిగి రాసుకుంటున్నాను.